జ్వరం తగ్గింది, మరి ప్లేట్‌లెట్లు ఎందుకు పెరగలేదు?

వానాకాలపు జ్వరాల రోజుల్లో రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే అందరి చూపూ ప్లేట్‌లెట్ల అంకె మీదే పడుతుంది. విశాఖలోనైనా, రైల్వే ఉద్యోగాల కోసం తరాల క్రితం వెళ్లిన తెలుగు కుటుంబాలున్న ఖరగ్‌పూర్, సాలువా ప్రాంతంలోనైనా ఇదే తంతు. ఇక్కడ సీబీపీ అనేదాన్ని అక్కడ సీబీసీ అంటారు, అంతే తేడా. అంకె లక్షా పదివేలుంటే డెంగీ అనుకుంటారు. డెంగీయే అయితే జ్వరం తగ్గిన కొద్దిరోజుల్లో అది సాధారణంగా మళ్లీ లక్షన్నర దాటుతుంది. నెల గడిచినా అక్కడే ఉంటే? కారణాలు చాలానే ఉండవచ్చు గానీ, తప్పక చూడాల్సిన వాటిలో కాలేయం ఒకటి.

పేగుల నుంచీ ప్లీహం నుంచీ వచ్చే రక్తం పోర్టల్ సిర గుండా కాలేయంలోకి వెళుతుంది. మద్యం, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మధుమేహం, ఊబకాయాలతో పేరుకునే కొవ్వు ఏళ్ల తరబడి దెబ్బతీస్తే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడుతుంది. అదే సిరోసిస్. దారి ఇరుకై సిరలో ఒత్తిడి పెరుగుతుంది, వెనకున్న ప్లీహం ఉబ్బుతుంది. మామూలుగా ప్లేట్‌లెట్లలో సుమారు మూడోవంతు ప్లీహంలో ఉంటాయి. అది బాగా పెద్దదైతే 90 శాతం వరకు అక్కడే చిక్కుకోవచ్చు. రైల్వే ఊరి భాషలో చెప్పాలంటే, లూప్ లైన్‌లో నిలబెట్టేసిన బండ్లన్నమాట. దీనికి తోడు, ప్లేట్‌లెట్లు తయారు చేయమని ఎముక మజ్జకు చెప్పే థ్రాంబోపొయిటిన్ హార్మోన్ ప్రధానంగా కాలేయంలోనే పుడుతుంది. అదీ తగ్గుతుంది.

ఎర్రకణాలూ మారతాయి. మద్యం ఎక్కువగా తాగేవారిలో అవి పరిమాణంలో పెద్దవవుతాయి. కాగితం మీద ఎంసీవీ 100 దాటి కనిపిస్తుంది. ఫోలిక్ ఆమ్లం లోపించినా అంతే. ఆ విటమిన్‌ను 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో కాలేయం నుంచి వేరుచేసి, కృత్రిమంగా తయారుచేసిన పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే.

ఇక రక్తం గడ్డకట్టే సంగతి. ఇక్కడే అపోహ ఎక్కువ. గడ్డకట్టించే ప్రొటీన్లలో చాలావాటిని కాలేయమే తయారుచేస్తుంది. అందుకే సిరోసిస్‌లో ఐఎన్ఆర్ పెరుగుతుంది. అది చూసి ‘రక్తం పలచబడింది, గడ్డకట్టదు’ అనుకుంటారు. కానీ గడ్డకట్టకుండా ఆపే ప్రొటీన్ సి, యాంటీథ్రాంబిన్‌లూ కాలేయంలోనే తయారవుతాయి, అవీ తగ్గుతాయి. త్రాసులో రెండు పళ్లేల నుంచీ బరువు తీసినట్టే. ఐఎన్ఆర్ ఒక పళ్లేన్నే చూస్తుంది, నిజానికి దాన్ని రూపొందించింది వార్ఫరిన్ వాడేవారి కోసం. స్థిరంగా ఉన్న సిరోసిస్ రోగుల రక్తంలో త్రాంబిన్ తయారీ మామూలుగానే జరుగుతోందని 2005లో ఇటలీ పరిశోధకులు చూపించారు. ఈ రోగుల్లో పోర్టల్ సిరలోనే గడ్డలు ఏర్పడటం కూడా వైద్యులకు తెలిసిందే. అందుకే రక్తస్రావం లేకుండా, కేవలం ఐఎన్ఆర్ అంకెను సరిచేయడానికి ప్లాస్మా ఎక్కించడం మంచిది కాదు. అదనపు ద్రవంతో పోర్టల్ సిరలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

మామూలు రక్తపరీక్షలతోనే కాలేయం ఎంత గట్టిపడిందో అంచనా వేసే లెక్క ఒకటి 2006లో వచ్చింది. పేరు ఫిబ్-4. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 55 ఏళ్ల వ్యక్తికి ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ 49 అనుకుందాం. ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలైతే 1.54 వస్తుంది. లక్షా పదివేలైతే 3.5. ఫలితం 1.3 లోపుంటే తీవ్రమైన మచ్చలు ఉండే అవకాశం తక్కువ (65 ఏళ్లు దాటినవారికి ఈ హద్దు 2), 2.67 దాటితే ఎక్కువ. మధ్యలో వస్తే ఫైబ్రోస్కాన్ లాంటి మరో పరీక్ష కావాలి.

జ్వరం రోజుల కాగితంతో మాత్రం ఈ లెక్క వేయకూడదు. డెంగీలోనూ ఎస్‌జీఓటీ పెరిగి ప్లేట్‌లెట్లు తగ్గుతాయి కాబట్టి ఫలితం తప్పుగా ఎక్కువ వస్తుంది. పూర్తిగా కోలుకున్నాక మళ్లీ రక్తం ఇచ్చి, రెండు కాగితాలూ పట్టుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. కళ్లు పచ్చబడలేదు కదా అని ఆగనక్కర్లేదు, సిరోసిస్ మొదలైన చాలాకాలం వరకు కామెర్లు కనిపించకపోవచ్చు.