తిరుగు దారి లెక్క

నీళ్లు నిండిన గుహల్లోకి మనిషిని లాక్కెళ్లే యంత్రం ఇది. కొనబోయేవాళ్లు ముందు దాని వేగం గురించే అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది మరొకటి ఉంది.

2007 డిసెంబరులో జారడ్ జబ్లాన్‌స్కీ, కేసీ మెకిన్లీ అనే ఇద్దరు డైవర్లు ఫ్లోరిడాలో టర్నర్ సింక్ అనే గుంటలో మునిగి, వకల్లా స్ప్రింగ్స్ అనే ఊటలో తేలారు. ఈ రెండింటి మధ్య దూరం దాదాపు 11 కిలోమీటర్లు. దారంతా నేల కింద, నీళ్లలో, సున్నపురాయి సొరంగాల్లోనే. చాలా భాగం 90 మీటర్ల లోతు దరిదాపుల్లో సాగుతుంది. ఆ దూరం దాటడానికి ఆరేడు గంటలు పట్టింది. ఒంట్లో కరిగిన వాయువులు నెమ్మదిగా బయటికి పోయేలా మజిలీ మజిలీకీ ఆగుతూ పైకి రావడానికి అంతకు రెట్టింపు పట్టింది. కాళ్లాడిస్తూ ఈదితే ప్రయాణానికే 12 గంటలు దాటేది. వాళ్లను లాక్కెళ్లినవి బ్యాటరీతో నడిచే స్కూటర్లు.

పేరు స్కూటరే కానీ దాని మీద ఎక్కి కూర్చునేదేమీ ఉండదు. చూడ్డానికి పొట్టి టార్పెడోలా ఉండే గొట్టం. లోపల బ్యాటరీ, మోటారు ఉంటాయి. వెనక కొసన ప్రొపెల్లర్, దాని చుట్టూ రక్షణ కడియం. డైవర్ నడుముకు కట్టుకున్న పట్టీకి స్కూటర్ నుంచి ఒక తాడు వచ్చి తగులుకుంటుంది. లాగే బలమంతా ఆ తాడు మీదే పడుతుంది. చెయ్యి చేసే పని ట్రిగర్ నొక్కడం, దిశ మార్చడం, అంతే. రెండో చెయ్యి లైటుకూ, దారి చూపే గైడ్‌లైన్‌కూ ఖాళీగా ఉండాలి. సముద్ర తీరాల్లో సరదాకి అమ్మే చిన్న ప్లాస్టిక్ స్కూటర్లను రెండు చేతులతో ముందు పట్టుకోవాలి. వాటిలో చాలావాటి హద్దు ముప్పై, నలభై మీటర్ల లోతు. గుహకు అవి పనికిరావు.

ఈ యంత్రాల పూర్వరూపాలు యుద్ధంలో పుట్టాయి. 1941 డిసెంబరు 19న ఇటలీ నౌకాదళానికి చెందిన ఆరుగురు మూడు 'మనిషి టార్పెడో'ల మీద గుర్రమెక్కినట్టు కూర్చుని అలెగ్జాండ్రియా రేవులోకి దూరారు. క్వీన్ ఎలిజబెత్, వేలియంట్ అనే రెండు బ్రిటిష్ యుద్ధనౌకలను దెబ్బతీశారు. నేడు గుహ డైవర్ల మధ్య తరచూ వినిపించే సూఎక్స్ కంపెనీ కూడా ఇటలీదే. పోలండ్ నుంచి సీక్రాఫ్ట్, జర్మనీ నుంచి బోనెక్స్, అమెరికా నుంచి డైవ్ ఎక్స్‌ట్రాస్ వస్తున్నాయి. మంచి మోడల్ ధర మన లెక్కలో లక్షల్లోనే ఉంటుంది. బొమ్మలో అన్నీ బాగానే కనిపిస్తాయి కాబట్టి ఎంపిక దగ్గర చాలామంది వేగం అంకె చూసి మనసు పారేసుకుంటారు. ఇక్కడే నాకు భయం.

ఒకటిన్నర కిలోమీటర్ల లోపల

కాగితం, పెన్ను తీసుకుని చిన్న లెక్క వేద్దాం. ఒక మోస్తరు స్కూటర్ నిమిషానికి 50 మీటర్లు లాగుతుంది. అరగంటలో డైవర్ 1,500 మీటర్ల లోపల ఉంటాడు. నంద్యాల జిల్లా బెలూం గుహలు చూసినవాళ్లకు ఆ దూరం సులువుగా అర్థమవుతుంది. మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ గుహలో సందర్శకులకు తెరిచిన దారి సుమారు ఒకటిన్నర కిలోమీటర్లే. ఆ చివరి గదిలో నిలబడినప్పుడు గుహ నిండా పైకప్పు దాకా నీళ్లున్నాయనుకోండి.

అక్కడ స్కూటర్ ఆగిపోయింది. ఇక ఈదాలి. బరువైన సిలిండర్లు మోస్తూ, చచ్చిన స్కూటర్‌ను లాగుతూ నిమిషానికి 15 మీటర్లు పోతే గొప్పే. అంటే బయటపడడానికి వంద నిమిషాలు. నింపాదిగా ఉన్న మనిషి నిమిషానికి 20 లీటర్ల గాలి వాడతాడనుకుందాం. 30 మీటర్ల లోతులో పీడనం నాలుగు రెట్లు కాబట్టి అది 80 లీటర్లవుతుంది. వంద నిమిషాలకు 8,000 లీటర్లు కావాలి. వీపు మీద 12 లీటర్ల సిలిండర్లు రెండు, 200 బార్లకు నింపినవి ఉంటే మొత్తం గాలి 4,800 లీటర్లు. అది కూడా ఒక్క ఊపిరైనా పీల్చకముందు ఉన్న లెక్క. గుండె దడదడలాడుతున్నప్పుడు మనిషి నిమిషానికి 20 లీటర్లతో సరిపెట్టుకోడు.

స్కూటర్ కొనడంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ లెక్కలోనే ఉంది. అది ఎంత దూరం తీసుకెళ్తుందన్నది దాని విలువ కాదు. అది ఆగిపోయిన చోటు నుంచి మీరు బయటికి రాగలరా లేదా అన్నదే చూడాలి. అందుకే అనుభవజ్ఞులు స్కూటర్ ఎంపికను, ముందే దారిలో పెట్టుకునే అదనపు సిలిండర్లను, వెనక కట్టుకుని లాక్కెళ్లే రెండో స్కూటర్‌ను ఒకే ఖర్చుగా చూస్తారు. వకల్లా జట్టు డైవర్లు ఒక్కో మనిషి వెనక మరికొన్ని స్కూటర్లు కట్టుకుని వెళ్లడానికి కారణం ఇదే. రెండోది కొనే స్తోమత లేకపోతే గుహలో ఈది బయటపడగలిగే దూరం వరకే స్కూటర్ వాడాలి. ఖరీదైనది ఒకటి కొనేకంటే మధ్యరకానివి రెండు కొనడమే మేలని నా అభిప్రాయం.

గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ 1979లో రాసిన చిన్న పుస్తకం గుహ డైవింగ్ మరణాల కారణాలను విడమరిచి చెప్పింది. వెలుతురులోకి తీసుకొచ్చే తాడు ఎడతెగకుండా ఉండకపోవడం, గాలిలో మూడింట రెండు వంతులు తిరుగు ప్రయాణానికి మిగల్చకపోవడం, మరీ లోతుకు పోవడం. లోపలికి పోవడానికి మూడింట ఒక వంతే వాడాలన్న ఆ నియమాన్నే స్కూటర్ డైవర్లు బ్యాటరీకి కూడా పెట్టుకున్నారు. ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, మిగిలింది స్కూటర్ చెడిపోయిన స్నేహితుణ్ని లాక్కురావడానికి. ఇద్దరిని లాగాల్సిన యంత్రం బాగా నెమ్మదిస్తుంది. కాబట్టి ఆ చివరి వంతు ఉదారంగా ఇచ్చిందేమీ కాదు.

వేగం మీద మోజుకు భౌతికశాస్త్రం కూడా ఒక సమాధానం చెబుతుంది. నీటిలో నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది, కావాల్సిన శక్తి ఘనంగా పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. తిప్పి చెబితే, వేగం 20 శాతం తగ్గిస్తే శక్తి సగానికి పడిపోతుంది, అదే బ్యాటరీ మీద ఒకటిన్నర రెట్ల దూరం వస్తుంది. అందుకే వేగం మెట్లుమెట్లుగా మార్చుకునే వీలున్న యంత్రాన్ని వెతకండి. కంపెనీ కాగితంలోని గంటలు పల్చటి సూట్, ఒక సిలిండర్ ఉన్న డైవర్‌వి కావచ్చు. మందపాటి డ్రైసూట్‌తో, నాలుగు సిలిండర్లతో వెళ్లేవాడికి అవి వర్తించవు.

నాలుగు డిగ్రీల నీళ్లలో

వకల్లా నీళ్లు సుమారు 20 డిగ్రీలు. ఇప్పుడు ఫిన్లాండ్‌కు వెళ్దాం. హెల్సింకీకి పడమర లోహ్యా దగ్గర ఓయామో అనే పాత సున్నపురాయి గని ఉంది. 1960లలో తవ్వకం ఆగాక నీళ్లు నిండాయి. యూరప్ డైవర్లు లోతు సాధన చేసే చోట్లలో అదొకటి. మంచినీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది కాబట్టి లోతున ఉండే నీళ్లు వేసవిలోనూ దాదాపు ఆ చలిలోనే ఉంటాయి.

ఆ చలి ముందు బ్యాటరీ మీద పడుతుంది. లిథియం బ్యాటరీ చల్లబడితే లోపలి రసాయన చర్య మందగిస్తుంది. వెచ్చటి గదిలో చూపిన సామర్థ్యం చలినీటిలో దొరకదు. ఇంకా ముఖ్యమైనది, లిథియం బ్యాటరీ చివరిదాకా బలంగా లాగి, ఆఖరున ఒక్కసారిగా పడిపోతుంది. రక్షణ సర్క్యూట్ తెంపేస్తే అంతే, చప్పుడు ఆగుతుంది. పాత సీసపు బ్యాటరీలు బరువైనవే అయినా నెమ్మదిగా నీరసిస్తూ ముందే హెచ్చరించేవి. అందుకే మిగిలిన ఛార్జ్ చూపే మీటర్ లేని స్కూటర్‌ను చలినీటి గుహకు కొనకండి. మీటర్ ఉన్నా, మీ సూట్‌తో, మీ సిలిండర్లతో, మీరు దిగబోయే చలిలో, తెరిచి ఉన్న చెరువులో బ్యాటరీ అయిపోయేదాకా నడిపి ఎన్ని నిమిషాలు వచ్చిందో రాసుకోండి. కాగితం అంకెకు బదులు ఆ అంకెను మూడు భాగాలు చేయాలి. దిగేదాకా స్కూటర్‌ను వెచ్చని వ్యాన్‌లో ఉంచాలి. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టకూడదు. లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది.

తర్వాత మనిషి. ఇది కొత్తవాళ్లకు తట్టని సంగతి. ఈదేటప్పుడు తొడ కండరాలు పనిచేసి ఒంట్లో వేడి పుట్టిస్తాయి. స్కూటర్ లాగుతుంటే ఆ పని ఆగిపోతుంది, పైగా చలినీరు ఒంటిని తాకుతూ వేగంగా పారుతుంది. నీరు గాలికంటే పాతిక రెట్లు త్వరగా వేడిని లాగేస్తుంది. ముందుకు చాచిన చెయ్యి మొదట కొయ్యబారుతుంది. అందుకే ట్రిగర్‌ను షాపులో వట్టి చేత్తో కాదు, మందపాటి డ్రై గ్లవ్ వేసుకుని నొక్కి చూడాలి. స్పర్శ లేని వేలికి కూడా వదిలినట్టు తెలియాలి. వదిలిన ట్రిగర్ నొక్కుకునే ఉండిపోయి స్కూటర్ తనంతట తాను పరిగెత్తడమూ ఉంది. అప్పుడు మోటారును ఎలా ఆపాలో మోడల్‌ను బట్టి మారుతుంది. గ్లవ్‌తో ఆ పని చేయలేకపోతే ఆ మోడల్ మీది కాదు.

ఒంటికి వేడినిచ్చే విద్యుత్ జాకెట్లు ఉన్నాయి. అడుగున వెచ్చగా ఉండి, పైకొచ్చే మజిలీల్లో చలికి వణకడం, ఒంట్లో కరిగిన వాయువుల వల్ల వచ్చే డికంప్రెషన్ జబ్బు ముప్పును పెంచుతుందని అమెరికా నౌకాదళ ప్రయోగాలు చూపాయి. కాబట్టి జాకెట్ బ్యాటరీని పైకొచ్చేటప్పటి కోసం దాచుకోవాలి.

నీటి బయటి చలినీ మరవకూడదు. మైనస్ పదిలో తడి స్కూటర్‌ను పైకి తీస్తే ట్రిగర్, ప్రొపెల్లర్ బిగుసుకుపోతాయి. మళ్లీ దిగేదుంటే దాన్ని నీళ్లలోనే ఉంచడం నయం. గొట్టం మూతకుండే రబ్బరు రింగు మీద ఒక వెంట్రుక, ఒక మంచు పలుకు ఉన్నా చాలు, లోపలికి నీరు చేరుతుంది. బ్యాటరీ మూత తెరిచే పని వెచ్చటి గదిలోనే పెట్టుకోవాలి.

ఒండ్రు, తాడు, తేలిక

సముద్రంలో తూగి నిలిచిన స్కూటర్ మంచినీటిలో మునుగుతుంది. 25 లీటర్ల పరిమాణమున్న యంత్రానికి ఆ తేడా ఆరు వందల గ్రాముల పైమాటే. బరువు బిళ్లలు మార్చుకునే వీలు తప్పనిసరి. ముక్కు కిందికి వాలే స్కూటర్‌తో గంటసేపు చెయ్యి పెనుగులాడుతుంది, ప్రొపెల్లర్ తోసిన నీరు అడుగున ఉన్న ఒండ్రును లేపుతుంది. పాత గనుల్లో ఆ ధూళి ఒకసారి లేచిందంటే మన చెయ్యి మనకు కనపడదు. అప్పుడు దిక్కు గైడ్‌లైన్ ఒక్కటే. ఆ తాడునే ప్రొపెల్లర్ చుట్టేసుకుంటే ఆపద రెట్టింపు. తాడు దగ్గరైనప్పుడు, ఇరుకు చోట్ల మోటారు ఆపేసి ఈదాలి. ప్రొపెల్లర్‌కు ఏదైనా అడ్డుపడినప్పుడు మోటారును విడదీసే క్లచ్ గానీ, దాన్ని వెంటనే ఆపే సర్క్యూట్ గానీ ఉందా అని అడిగి కొనండి.

నార్వేలోని ప్లూరా గుహ స్కూటర్ డైవర్లకు ప్రసిద్ధమైన చోటు. 2014 ఫిబ్రవరిలో మంచు కోసి దిగిన ఫిన్లాండ్ జట్టు, 130 మీటర్ల లోతుకు దిగి అవతలి వైపు తేలే దారిలో ఇద్దరిని పోగొట్టుకుంది. వంద మీటర్లకు మించిన లోతులో, ఇరుకు చోట ఒకరు చిక్కుకోవడంతో అది మొదలైంది. మృతదేహాలు తీయడం మరీ ప్రమాదమని నిపుణులు ఆపేశాక, మార్చిలో స్నేహితులే వెళ్లి బయటికి తెచ్చారు. అది స్కూటర్ లోపం వల్ల జరిగిన విషాదం కాదు. కానీ అంత దూరాన, అంత లోతున, అంత చలిలో ఒక్క చిక్కు పడితే విడదీయడానికి సమయం ఎంత తక్కువో అది చూపింది. మనిషిని అంత దూరానికి చేర్చేది స్కూటరే. అందుకే శిక్షణ సంస్థలు పూర్తి గుహ డైవర్ అర్హత వచ్చాకే గుహ స్కూటర్ కోర్సులోకి తీసుకుంటాయి. స్కూటర్ కోసం దాచిన డబ్బులోంచి ఆ కోర్సు ఫీజు ముందు పక్కన పెట్టాలి.

యూరప్‌లోనో అమెరికాలోనో ఉంటూ ఈ విద్య నేర్చుకునే మనవాళ్లకు ఒక ఆచరణ కష్టం కూడా చెప్పాలి. విమానంలో ప్రయాణికుడి వెంట 100 వాట్ అవర్ల దాకా లిథియం బ్యాటరీ తీసుకెళ్లవచ్చు. 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి. అది దాటితే ప్రయాణికుల సామానులో కుదరదు. గుహ స్కూటర్ బ్యాటరీలు సాధారణంగా వందల వాట్ అవర్లు. వాటిని ప్రమాదకర సరుకుగా కార్గోలో పంపాలి, లేదా చేరిన చోట అద్దెకు తీసుకోవాలి. డ్రిల్లింగ్ మిషన్లకు వాడే బ్యాటరీలతో నడిచే మోడళ్లు అమెరికా నుంచి వచ్చాక ఈ తలనొప్పి కొంత తగ్గింది. వాటిని ఊళ్లో హార్డ్‌వేర్ షాపులోనే కొనుక్కోవచ్చు. అద్దె స్కూటర్ తీసుకున్నా మొదటి రోజు గుహలోకి పోవద్దు. దాని బ్యాటరీ వయసు మీకు తెలియదు. అక్కడి చెరువులో ఛార్జ్ అయిపోయేదాకా నడిపి, వచ్చిన నిమిషాలను మూడుతో భాగించాక మర్నాడు దిగండి.