సెల్ వెనక వైపు చూసిన మాస్టారు

ఇంటి మీద సోలార్ పెట్టించుకుందామని విజయవాడలోనో హైదరాబాదులోనో దుకాణానికి వెళ్లినవాళ్లకు ‘మోనో పెర్క్’ అనే మాట కొన్నేళ్లుగా పరిచయమే. ఆ పెర్క్ ఏదో కంపెనీ పేరనుకుంటే పొరపాటు. ఆస్ట్రేలియాలో ఒక ఇంజనీరింగ్ మాస్టారు, ఆయన శిష్యులు కలిసి రూపొందించిన సోలార్ సెల్ పేరది.

ఆ మాస్టారు మార్టిన్ గ్రీన్. 1948లో బ్రిస్బేన్‌లో పుట్టారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, 1974లో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో లెక్చరర్‌గా చేరారు. చమురు ధరలు ప్రపంచాన్ని కుదిపేస్తున్న రోజులవి. సిలికాన్ సెల్ కొత్తదేమీ కాదు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల చూపించిన సెల్ తన మీద పడిన ఎండలో సుమారు 6 శాతాన్ని కరెంటుగా మార్చింది. అయితే ఉపగ్రహాలకు తప్ప ఇళ్లకు అందే ధర కాదు. గ్రీన్ చేరిన ఏడాదే సోలార్ సెల్స్ మీద పనిచేసే ఒక చిన్న బృందాన్ని మొదలుపెట్టారు.

ఇంతకీ సెల్‌లో ఏం జరుగుతుంది? ఎండ తగలగానే సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్ తన చోటు విడిచి వస్తుంది. అది ఖాళీ చేసిన చోటుకు ‘హోల్’ అని పేరు. ఎలక్ట్రాన్ ఒక వైపుకీ హోల్ ఇంకో వైపుకీ చేరి, బయటి తీగ గుండా కలుసుకుంటే మనకు కరెంటు. లోపలే కలిసిపోతే వట్టి వేడి. పాత సెల్‌కి వెనకంతా అల్యూమినియం పూసేవారు. లోహం సిలికాన్‌ను తాకే చోట ఈ నష్టం మరీ ఎక్కువ. అలాగని లోహం మానేస్తే కరెంటు బయటికి వచ్చే దారే ఉండదు.

గ్రీన్ బృందం రెంటి మధ్యా పలుచని నిరోధక పొర పరిచింది. ఆ పొరలో అక్కడక్కడ సన్నని బెజ్జాలు పెట్టింది. లోహం సిలికాన్‌ను తాకేది ఆ బెజ్జాల్లోనే! నష్టం తగ్గడం ఒక్కటే కాదు, సిలికాన్‌ను దాటి వృథాగా పోయే పరారుణ కాంతిని కూడా ఆ పొర, దాని వెనకున్న లోహం అద్దంలా లోపలికి తిప్పి పంపాయి. ఆ కాంతి కరెంటుగా మారడానికి మరో అవకాశం దొరికింది. ఎంత చక్కని ఆలోచన! 1985లోనే సిలికాన్ సెల్‌ను 20 శాతానికి చేర్చిన ఈ బృందం, 1989లో ప్రకటించిన పెర్క్‌తో 22.8 శాతం అందుకుంది. సిలికాన్ సెల్‌కి సిద్ధాంతం గీసిన గరిష్ఠ హద్దు 29 శాతం పైచిలుకు మాత్రమే.

అయినా ఫ్యాక్టరీలు దీన్ని పెద్దయెత్తున అందుకోవడానికి పాతికేళ్లు పట్టింది. ప్రయోగశాలలో వాడిన అతిశుద్ధ సిలికానూ, బెజ్జాలు తీసే పద్ధతీ చాలా ఖరీదు. అల్యూమినియం ఆక్సైడ్ పొర, లేజర్ బెజ్జాలు చవకయ్యాక కథ మారింది. 2020 నాటికి ప్రపంచంలో తయారయ్యే సెల్స్‌లో పెర్క్‌దే సింహభాగం.

ఈ పాతికేళ్లూ దాన్ని బతికించింది తరగతి గది అని గట్టిగా చెప్పొచ్చు. సోలార్ సెల్స్ మీద గ్రీన్ పాఠ్యపుస్తకం 1982లోనే వచ్చింది. 2000లో ఆ విశ్వవిద్యాలయం సౌర విద్యుత్తు ఇంజనీరింగ్‌లో ప్రత్యేకంగా డిగ్రీ కోర్సు పెట్టింది. గ్రీన్ దగ్గర డాక్టరేట్ చేసిన షి ఝెంగ్‌రోంగ్ చైనా తిరిగి వెళ్లి, 2001లో వూషీ నగరంలో సన్‌టెక్ స్థాపించారు. 2005 కల్లా ఆ కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది. చైనా కర్మాగారాల్లో ఈ విద్య నాటుకోవడంలో సిడ్నీలో చదివినవాళ్ల పాత్ర చాలా పెద్దది. ప్యానెల్ మనకు అందే ధరకు దిగివచ్చిందీ ఆ కర్మాగారాల వల్లే. గ్రీన్ సాధించిన రికార్డుల కంటే ఆయన చెప్పిన పాఠాలే ఎక్కువ దూరం వెళ్లాయి.

2023లో పెర్క్‌కు ఇంజనీరింగ్‌లో క్వీన్ ఎలిజబెత్ బహుమతి వచ్చింది. దాన్ని నలుగురు పంచుకున్నారు: మార్టిన్ గ్రీన్, ఒకప్పుడు ఆయన విద్యార్థులైన ఆండ్రూ బ్లేకర్స్, ఐహువా వాంగ్, జియాన్‌హువా ఝావో.