ప్రోగ్రామింగ్‌లో జాబితాలు – ప్రారంభకుల పొరపాట్లు: ఆదోని, ఎమ్మిగనూరు లెక్కల ఆధారంగా వివరణ

వ్యాససంగ్రహం:
ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి తొలిదశలోనే పరిచయమయ్యే దత్తాంశ నిర్మాణం జాబితా. పైథాన్ భాషలో దీనిని లిస్ట్ అంటారు. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఆదోని పత్తి వ్యాపారం, ఎమ్మిగనూరు చేనేత పనుల తీరుకు తగిన ఊహాత్మక లెక్కలను తీసుకొని, జాబితాల విషయంలో ప్రారంభకులు చేసే ప్రధానమైన పొరపాట్లను ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రోగ్రామ్‌ను ఆపివేసే తప్పుల కంటే, ఆపకుండా తప్పు ఫలితాన్ని ఇచ్చే తప్పులే ఎక్కువ హాని చేస్తాయని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: జాబితా, పైథాన్, స్థానసంఖ్య, నకలు, క్రమపరచడం, ఆదోని, ఎమ్మిగనూరు, పత్తి, చేనేత.

1. ఉపోద్ఘాతం:

ఆదోని పత్తి మార్కెట్టుకు పేరు పొందిన పట్టణం. ఎమ్మిగనూరు చేనేతకు పేరు పొందింది. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం ఆ ఊరి పేరును దూరప్రాంతాలకు తీసుకువెళ్లింది. ఈ రెండు చోట్లా పని జాబితాల మీదనే నడుస్తుంది. మార్కెట్టుకు వచ్చిన పత్తి లాటుల జాబితా, ఒక్కొక్క లాటుకు వ్యాపారులు పలికిన ధరల జాబితా, కాటా వేసిన తూకాల జాబితా ఒక చోట. నేతగాళ్ల పేర్లు, ఇచ్చిన నూలు, నేసిన బట్ట, చెల్లించవలసిన మజూరీ జాబితాలు మరొక చోట.

కాగితం మీద జాబితా రాసే గుమాస్తాకు లోకజ్ఞానం ఉంటుంది. ఒక వరుస తప్పిపోతే అతని కన్ను పట్టుకుంటుంది. ఒక రైతు ధర మరొక రైతు పేరు ఎదుట పడితే అనుమానం వస్తుంది. యంత్రానికి ఆ అనుమానం రాదు. చెప్పినది చెప్పినట్లు చేస్తుంది. కాబట్టి కాగితం మీది జాబితా గురించి ఉన్న ఊహలతోనే ప్రోగ్రామ్ రాసే విద్యార్థి పొరపాట్లు చేస్తాడు. ఇక్కడి ఉదాహరణలన్నీ పైథాన్ భాషకు సంబంధించినవి. గిడో వాన్ రోసమ్ రూపొందించిన ఈ భాష 1991లో తొలిసారి వెలువడింది. వ్యాసంలోని ధరలు, తూకాలు, మజూరీలు వివరణ కోసం కల్పించుకున్నవి.

2. జాబితా స్వరూపం:

ఐదు లాటులకు పలికిన ధరలను పైథాన్‌లో ఇలా రాయవచ్చు:

ధరలు = [7200, 6950, 7400, 7100, 6800]

దీనికి మూడు లక్షణాలు ఉన్నాయి. ఒకటి, ఇందులోని అంశాలకు వరుస ఉంది. రెండు, ఒకే విలువ ఎన్నిసార్లయినా రావచ్చు. మూడు, తయారైన తరువాత కూడా దీనిని మార్చవచ్చు. అంశాలను చేర్చడం, తీసివేయడం, స్థానాలు మార్చడం సాధ్యమే. ఈ మూడవ లక్షణమే జాబితాకు బలం. ప్రారంభకుల పొరపాట్లలో ఎక్కువ భాగం కూడా దీని నుంచే పుడతాయి.

3. లెక్క మొదలయ్యే చోటు:

తెలుగులో ‘ఒకటో లాటు’ అంటాం. ‘సున్నావ లాటు’ అనం. పైథాన్‌లో మాత్రం మొదటి అంశం స్థానసంఖ్య 0. పై జాబితాలో ధరలు[0] అంటే 7200, ధరలు[4] అంటే 6800. స్థానసంఖ్య వరుసలోని సంఖ్యను చెప్పదు. ఆ అంశానికి ముందు ఎన్ని అంశాలు ఉన్నాయో చెబుతుంది. మొదటి దానికి ముందు ఏదీ లేదు కనుక అది 0. ఇలా అర్థం చేసుకుంటే బట్టీ పట్టవలసిన పని ఉండదు. లెక్కను సున్నాతో మొదలుపెట్టడమే సబబని డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1982లో ఒక చిన్న వ్యాసంలో వాదించాడు.

దీనికి తోడు ‘వరకు’ అనే మాట చిక్కు తెస్తుంది. ‘ఒకటి నుంచి ఐదు వరకు’ అంటే తెలుగువారి లెక్కలో ఐదు కూడా చేరుతుంది. పైథాన్‌లో రేంజ్(1, 5) అంటే 1, 2, 3, 4 మాత్రమే. ఐదు లాటులను చదవడానికి ప్రారంభకుడు రేంజ్(1, 5) రాస్తే రెండవ లాటు నుంచి ఐదవ లాటు దాకా మాత్రమే లెక్కలోకి వస్తాయి. మొదటి రైతు సరుకు లేనట్లే అవుతుంది. యంత్రం ఏ హెచ్చరికా చేయదు. అతడే రేంజ్(1, 6) అని రాసి ఉంటే స్థానం 5 దగ్గర ఏ అంశమూ లేదు కనుక ప్రోగ్రామ్ ఆగి, ఇండెక్స్ ఎర్రర్ అని చెబుతుంది. రెండూ ఒకే అపోహ నుంచి పుట్టిన తప్పులే. అయినా ఒకటి బయటపడుతుంది, మరొకటి దాగి ఉంటుంది. సరైనది రేంజ్(0, 5). చివరి సంఖ్యను చేర్చకపోవడం వల్ల ఒక సౌలభ్యం ఉంది: చివరి సంఖ్య నుంచి మొదటి సంఖ్యను తీసివేస్తే అంశాల సంఖ్య నేరుగా వస్తుంది.

స్థానసంఖ్యకు ముందు రుణచిహ్నం ఉంటే పైథాన్ వెనుక నుంచి లెక్కిస్తుంది. ధరలు[-1] అంటే చివరి అంశం. ఈ సదుపాయం కూడా ఒక్కొక్కసారి తప్పును దాచిపెడుతుంది. నాలుగు రోజుల ధరలు [7000, 7150, 7100, 7300] అనుకుందాం. ప్రతి రోజు ధరను ముందురోజు ధరతో పోల్చాలి. మొదటి రోజుకు ముందురోజు లేదు. అయినా ప్రోగ్రామ్ 0 నుంచి 1 తీసివేసి, −1వ స్థానంలోని 7300ను తెచ్చుకుంటుంది. మొదటి రోజే ధర 300 రూపాయలు పడిపోయినట్లు చూపుతుంది. నిజానికి నాలుగు రోజుల్లో ధర 300 పెరిగింది.

4. ఒక జాబితాకు రెండు పేర్లు:

గుమాస్తా నిన్నటి జాబితాను మరో కాగితం మీదికి ఎత్తి రాసుకుంటే రెండు కాగితాలు ఉంటాయి. ఒకదాన్ని దిద్దితే రెండవది మారదు. ప్రారంభకుడు పాతధరలు = ధరలు అని రాసి, అదే జరిగిందని అనుకుంటాడు. ఇక్కడ తయారైనది రెండో జాబితా కాదు, ఉన్న జాబితాకే రెండో పేరు. ఒకే మనిషిని ఒకరు అన్న అని, మరొకరు మామ అని పిలిచినంత మాత్రాన ఇద్దరు మనుషులు కారు. ధరలు[0]ను 7500గా మారిస్తే పాతధరలు[0] కూడా 7500 అని చూపుతుంది. దిద్దుబాటుకు ముందు ఏముందో తెలుసుకునే ఆధారం పోతుంది. నకలు కావాలంటే కాపీ అనే పద్ధతితో స్పష్టంగా అడగాలి.

జాబితాలో జాబితా ఉన్నప్పుడు ఈ పొరపాటు మరింత లోతుగా దాగుతుంది. ముగ్గురు నేతగాళ్లు మూడు రోజుల్లో ఎన్ని మీటర్ల బట్ట నేశారో నమోదు చేయడానికి మూడు వరుసల పట్టిక కావాలి. ప్రారంభకుడు [[0] * 3] * 3 అని రాస్తాడు. తెర మీద [[0, 0, 0], [0, 0, 0], [0, 0, 0]] అని సరిగ్గానే కనిపిస్తుంది. మొదటి నేతగాడు మొదటి రోజు 6 మీటర్లు నేశాడని రాయగానే పట్టిక ఇలా మారుతుంది:

[[6, 0, 0], [6, 0, 0], [6, 0, 0]]

మూడు వరుసలు కనిపిస్తున్నా, లోపల ఉన్నది ఒకే వరుస. ఆరు మీటర్ల పని పద్దెనిమిది మీటర్లుగా లెక్కకు వస్తుంది. జాకార్డ్ మగ్గంలో రంధ్రాలు చేసిన అట్టలు గొలుసుగా కుట్టి ఉంటాయి. ఒకే నమూనా కలిగిన మూడు అట్టలు వేరు. ఒకే అట్ట మూడుసార్లు తిరిగి రావడం వేరు. మొదటి సందర్భంలో ఒక అట్టకు కొత్త రంధ్రం చేస్తే తక్కిన రెండూ అలాగే ఉంటాయి. రెండవ సందర్భంలో మూడు చోట్లా బట్ట మారిపోతుంది. అందుకే ప్రతి వరుసనూ ఆవర్తం లోపల విడిగా తయారుచేసి చేర్చాలి. ఇలాంటి పట్టికకు నకలు తీసేటప్పుడు కూడా కాపీ చాలదు. అది పై జాబితాను మాత్రమే కొత్తగా చేస్తుంది. లోపలి వరుసలు పాతవే. లోపలి వరకు నకలు కావాలంటే డీప్‌కాపీ వాడాలి.

5. చదువుతూ తీసివేయడం:

భారత పత్తి సంస్థ మద్దతు ధరకు పత్తి కొనేటప్పుడు తేమ 12 శాతం మించకూడదనే నియమం పాటిస్తుంది. తేమ ఎక్కువ ఉన్న లాటులను జాబితా నుంచి తొలగించే ప్రోగ్రామ్ రాయాలి. నాలుగు లాటుల తేమ శాతాలు [14, 13, 9, 15] అనుకుందాం. ఒక్కొక్క అంశాన్నీ చదువుతూ, 12 దాటినదాన్ని రిమూవ్‌తో తీసివేయాలని ప్రారంభకుడు రాస్తాడు. 9 మాత్రమే మిగలాలి. మిగిలేది [13, 9].

కారణం ఇది. యంత్రం మొదట స్థానం 0లో ఉన్న 14ను చూసి తీసివేస్తుంది. వెంటనే తక్కినవన్నీ ఒక్కొక్క స్థానం ముందుకు జరుగుతాయి. 13 ఇప్పుడు స్థానం 0లోకి వచ్చింది. యంత్రం మాత్రం తరువాతి స్థానం 1కి వెళ్తుంది. అక్కడ 9 ఉంది. 13ను అది చూడనే లేదు. వరుసలో నిలబడిన వారిలో ఒకరు వెళ్లిపోతే వెనకవారు ముందుకు జరిగినట్లే ఇది. వారిని లెక్కించేవాడు కూడా ఒక అడుగు ముందుకు వేస్తే ఒకరు తప్పిపోతారు.

పక్కపక్కన రెండు తడి లాటులు లేకపోతే ఈ ప్రోగ్రామ్ సరైన ఫలితమే ఇస్తుంది. [14, 9, 15, 8] ఇచ్చి పరీక్షించిన విద్యార్థి తన పని సరిగ్గా ఉందని నమ్ముతాడు. అందుకే ఈ తప్పు తరగతిగదిలో బయటపడకుండా వాడుకలోకి వెళ్తుంది. చదువుతున్న జాబితాను మార్చకుండా, ఉంచవలసిన వాటిని మరో కొత్త జాబితాలోకి చేర్చడం దీనికి పరిష్కారం.

6. క్రమపరచడంలో చిక్కులు:

ధరలను ఎక్కువ, తక్కువల ప్రకారం అమర్చడానికి సార్ట్, సార్టెడ్ అని రెండు మార్గాలు ఉన్నాయి. సార్ట్ ఉన్న జాబితానే మారుస్తుంది, తిరిగి ఏదీ ఇవ్వదు. సార్టెడ్ పాతదాన్ని అలాగే ఉంచి కొత్త జాబితాను ఇస్తుంది. ధరలు = ధరలు.సార్ట్() అని రాసిన విద్యార్థికి ‘నన్’ అనే శూన్యవిలువ మిగులుతుంది, జాబితా చేజారిపోతుంది. ఇది త్వరగానే బయటపడుతుంది. బయటపడనివి మరో రెండు ఉన్నాయి.

మొదటిది అంకెలు అక్షరాలుగా ఉండటం. కీబోర్డు నుంచి, ఫైలు నుంచి వచ్చిన సంఖ్యలను పైథాన్ సాధారణంగా అక్షరాల వరుసగా తీసుకుంటుంది. ఒక లాటుకు "9800", "10200", "7400" అని మూడు ధరలు వచ్చాయి. వీటిలో గరిష్ఠం అడిగితే వచ్చే సమాధానం "9800". నిఘంటువులో పదాలను అమర్చినట్లు యంత్రం మొదటి అక్షరాన్ని పోల్చింది. 9 ముందు 1 చిన్నది. క్వింటాలుకు 400 రూపాయల తేడా. పది క్వింటాళ్ల రైతుకు 4000 రూపాయల నష్టం. ధరలన్నీ నాలుగంకెల్లో ఉన్నంతకాలం ఇదే ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేస్తుంది. ధర పదివేలు దాటిన రోజు, అంటే రైతుకు మంచి ధర వచ్చిన రోజే అది తప్పుతుంది. జాబితాలో చేర్చే ముందే విలువలను సంఖ్యలుగా మార్చుకోవాలి.

రెండవది జంట జాబితాలు. నేతగాళ్ల సభ్యత్వ సంఖ్యలు [21, 7, 14] ఒక జాబితాలో, వారి మజూరీలు [4200, 3600, 5000] మరో జాబితాలో ఉన్నాయి. సంఖ్యల జాబితాను మాత్రమే క్రమపరిస్తే అది [7, 14, 21] అవుతుంది. మజూరీలు కదలవు. 3600 రావలసిన 7వ సభ్యునికి 4200, 5000 రావలసిన 14వ సభ్యునికి 3600, 4200 రావలసిన 21వ సభ్యునికి 5000 చూపుతుంది. మొత్తం మాత్రం 12800, ఎప్పటిలాగే. మొత్తం సరిపోయింది కనుక లెక్క సరిపోయిందని సంతకం పడుతుంది. ముగ్గురిలో ఒక్కరికి కూడా న్యాయమైన కూలి అందదు. ఒక మనిషికి సంబంధించిన వివరాలను ఒకే అంశంగా కట్టి ఉంచడం దీనికి నివారణ: [(21, 4200), (7, 3600), (14, 5000)]. అప్పుడు ఎలా క్రమపరిచినా సంఖ్య, మజూరీ విడిపోవు.

7. పరీక్షించే పద్ధతి:

పై పొరపాట్లను రెండు తరగతులుగా విభజించవచ్చు. లేని స్థానాన్ని అడగడం, శూన్యవిలువను జాబితాగా వాడటం మొదటి తరగతివి. ఇవి యంత్రాన్ని ఆపుతాయి. ప్రారంభకులు వీటికే భయపడతారు. అంశం తప్పిపోవడం, చివరి అంశం మొదటిదానికి ముందు చేరడం, నకలు అనుకున్నది నకలు కాకపోవడం, అక్షరాలను సంఖ్యలనుకోవడం, జంటలు విడిపోవడం రెండవ తరగతివి. ఇవి ఫలితాన్ని ఇస్తాయి. ఆ ఫలితం చూడటానికి సక్రమంగానే ఉంటుంది. ఎర్ర అక్షరాలలో వచ్చే హెచ్చరిక విద్యార్థికి సహాయమే. భయపడవలసినది హెచ్చరిక లేని తప్పుకు.

వీటిని పట్టుకోవడానికి గుమాస్తా చేసే సరిచూపే ఆదర్శం. నాలుగైదు అంశాల జాబితాను తీసుకొని, సమాధానాన్ని ముందుగా కాగితం మీద చేసి, తరువాత యంత్రం సమాధానంతో పోల్చాలి. ఆ చిన్న జాబితాను ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. ఖాళీ జాబితా, ఒకే అంశం ఉన్న జాబితా, ఒకే విలువ రెండుసార్లు వచ్చినది, తొలగించవలసినవి పక్కపక్కన ఉన్నవి, నాలుగంకెల, ఐదంకెల ధరలు కలిసినవి తప్పక ఉండాలి. తొలగించినవి, మిగిలినవి కలిపితే మొదటి సంఖ్యకు సమానం కావాలి. మిగిలిన వాటిలో ఒక్కటైనా నియమాన్ని దాటకూడదు. మొత్తంతో సరిపెట్టుకోకుండా రెండు మూడు వరుసలను ఎత్తి, మూలపత్రంతో విడిగా పోల్చాలి.

8. ముగింపు:

జాబితా విషయంలో ప్రారంభకుల పొరపాట్లు తెలివితక్కువతనం వల్ల వచ్చేవి కావు. ఒకటితో లెక్క మొదలుపెట్టడం, ‘వరకు’లో చివరిదాన్ని చేర్చుకోవడం, ఎత్తి రాసినది వేరే కాగితమని నమ్మడం, అంకె కనిపిస్తే అది సంఖ్యేనని అనుకోవడం – ఇవన్నీ నిత్యజీవితంలో సరైన అలవాట్లే. యంత్రంలోని జాబితాకు వేరే నియమాలు ఉన్నాయని తెలియనప్పుడే అవి తప్పులవుతాయి. కనుక బోధకులు నియమాలను ఏకరువు పెట్టడం కంటే, విద్యార్థికి ఉన్న అలవాటు ఏది, యంత్రం నియమం ఏది అని పక్కపక్కన పెట్టి చూపడం ఫలవంతం. ఆదోని లాటుల పట్టికలోనైనా, ఎమ్మిగనూరు మజూరీ పట్టికలోనైనా ప్రతి వరుస వెనుక ఒక కుటుంబం ఉంటుంది. ఆ వరుస తప్పిపోలేదని నిర్ధారించుకున్న తరువాతే ప్రోగ్రామ్ పూర్తయినట్లు భావించాలి.