కేక వినిపించదు

రాయపూరు నగరంలోని తెలీబంధా తన పేరులోనే చెరువును దాచుకొన్న పేట. తెలీలనగా గానుగ ఆడించి నూనె తీయువారు. బంధా అనగా అక్కడి వాడుకలో గట్టు కట్టిన చెరువు. దాని చుట్టూ ఇప్పుడొక విహారమార్గం ఉన్నది. నగరవాసులు దానిని ముచ్చటగా ‘మెరైన్ డ్రైవ్’ అని పిలుచుకొంటారు. సాయంవేళ అక్కడ పసివాడెవడైనా నీటివైపు నాలుగడుగులు వేసినచో పట్టుకొనుటకు పది చేతులు లేస్తవి.

ప్రమాదం అటువంటి వేళను ఎన్నుకొనదు. పల్లెలో పొద్దెక్కిన తరువాత, తల్లి పొయ్యి దగ్గరనో పొలంలోనో ఉండగా వస్తుంది. ఛత్తీస్‌గఢ్ గ్రామాలలో స్నానానికి, బట్టలకు, పశువులకు చెరువే ఆధారం. మన తెలుగునాట చెరువుకు తోడు పొలాలలోని కుంటలు, వాన నీరు నిలిచిన క్వారీ గోతులు, మూతలేని తొట్లు కూడా కలవు.

మునిగిపోవువాడు చేతులెత్తి కేకలు వేస్తాడని మనకు సినిమాలు నేర్పినవి. వాస్తవంలో అతని నోరు నీటి పైకి వచ్చేది క్షణకాలమే. అది ఊపిరికే చాలదు, ఇక కేకకెక్కడిది? చేతులు నీటిని అదుముతూ ఉంటవి గాని పైకి లేవవు. ఒక నిమిషంలోపే అంతా ముగియవచ్చును. ప్రాణవాయువు అందని మెదడు నాలుగైదు నిమిషాలలో దెబ్బతింటుంది. ఏడాది బిడ్డకు చెరువు కూడా అక్కరలేదు. దేహానికి మించిన తల బరువుతో బకెట్టులోనికి తలక్రిందులైనచో తిరిగి లేవలేదు. స్నానాల గది తలుపు మూయుట, బకెట్టును బోర్లించుట ఎంత చిన్న పనులో!

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించిరి. వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేండ్లు నిండని పిల్లలే.

“నీటి దగ్గరకు పోకు” అని రెండేండ్ల బిడ్డకు చెప్పి ప్రయోజనమేమి? ఈ ప్రశ్నకు బంగ్లాదేశ్ పల్లెలు చక్కని సమాధానం చెప్పినవి. తల్లులకు పని ఒత్తిడి ఎక్కువగా ఉండే ఉదయం తొమ్మిది నుండి మధ్యాహ్నం ఒంటిగంట వరకు ‘ఆంచల్’ అను శిశుకేంద్రాలలో గ్రామస్త్రీయే పిల్లలను కనిపెట్టి ఉంటుంది. ఆ కేంద్రాలకు వచ్చిన పిల్లలలో నీటి మరణాల ముప్పు 80 శాతానికి పైగా తగ్గినది. ఛత్తీస్‌గఢ్‌లోనే గిరిజన గ్రామాలలో ‘ఫుల్‌వారీ’ కేంద్రాలను తల్లులు వంతులవారీగా నడిపిరి. వాటి ముఖ్యోద్దేశం పోషకాహారమే. అయినను, తల్లి పనిలో ఉన్నంతసేపు బిడ్డ మరొకరి కంటి ముందుంటే నీటి గండం కూడా తప్పదా? ఆరేండ్లు దాటినవారికి మాత్రం ఈత నేర్పవలసినదే.

బిడ్డను నీటినుండి తీసిన తరువాత కాళ్ళు పట్టి గిరగిర త్రిప్పుట, కడుపు నొక్కుట ఇంకను కొన్నిచోట్ల కనబడే దురాచారం. దానివలన విలువైన క్షణాలు పోతవి. శ్వాస ఆగినచో వెంటనే నోటితో ఊపిరి ఊదవలెను. పిదప రొమ్ముపై 30 ఒత్తుళ్ళు, రెండు ఊపిరులు, మరల 30 ఒత్తుళ్ళు. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయవలెను.

ఈతరానివారు బిడ్డ కొరకు దూకి తామును మునిగిన ఉదంతాలు ఎన్నో. గట్టునుండి వెదురుబొంగు అందించవచ్చును. చీరయైనను, బిగించి మూత పెట్టిన ఖాళీ నూనెడబ్బానైనను విసరవచ్చును. ప్రతి రేవు దగ్గర ఒక పొడవాటి వెదురుబొంగు ఉంచుటకు ఖర్చేమీ కాదు. దానిని ఎవరును పందిరికో పొయ్యిలోనికో పట్టుకుపోకుండా చూచుటయే కష్టం!