చర్మ సమస్యకు ముందుగా ఎవరిని సంప్రదించాలి?

అండమాన్ దీవులలో మే నెలలో మొదలయ్యే వానలు సంవత్సరాంతం వరకు ఏదో ఒక రూపంలో కొనసాగుతూనే ఉంటాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదయ్యే ఈ దీవులలో తడి ఆరని దుస్తులు, చెమట, ఉప్పునీరు నిత్యానుభవం. శిలీంద్రాల వల్ల కలిగే తామరకు ఇంతకంటె అనువైన వాతావరణం అరుదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడివారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వీరిలో చేపలవేట, నిర్మాణ పనులపై ఆధారపడినవారికి ఈ బాధ బాగా పరిచితమే.

తామర సోకినవారు సాధారణంగా మొదట వెళ్లేది మందుల దుకాణానికి. అక్కడ లభించే లేపనాలలో కొన్ని శిలీంద్రనాశిని, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడింటినీ కలిపి తయారుచేసినవి. స్టెరాయిడ్ వల్ల దురద, ఎరుపు రెండు మూడు రోజులలోనే తగ్గుతాయి. రోగి వ్యాధి నయమైందని భావిస్తాడు. వాస్తవానికి తగ్గింది చర్మం చూపే ప్రతిస్పందన మాత్రమే. శిలీంద్రం మరింత విస్తరిస్తుంది. తామరను పోల్చుకోవడానికి తోడ్పడే గుండ్రని అంచు కూడా చెదిరిపోవడంతో, ఆ తరువాత చూసే వైద్యునికి రోగనిర్ధారణ కష్టమవుతుంది. ముఖం తెల్లబడేందుకు ఇటువంటి లేపనాలు వాడేవారిలో చర్మం పలుచబడటం, మొటిమలు, అవాంఛిత రోమాలు కనిపిస్తాయి. బెటామెథసోన్, క్లోబెటసోల్ వంటి స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేకుండా విక్రయించరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధనలను సవరించింది. కొనుగోలుదారు కూడా ఈ నియమాన్ని తెలుసుకొని ఉండటం మంచిది.

బ్యూటీ పార్లరును తప్పుపట్టవలసిన పని లేదు. చర్మాన్ని శుభ్రపరచడం, సాధారణ అలంకరణ ఆ వృత్తివారి పనే. లేజర్, రసాయనాలతో చర్మపు పొరను తొలగించడం, సూదిమందులు మాత్రం వైద్య ప్రక్రియలు. ఇక్కడే ‘కాస్మెటాలజిస్టు’ అన్న పదం అయోమయానికి దారితీస్తుంది. చర్మ వైద్యులూ ఆ పేరు పెట్టుకుంటారు, కొద్ది వారాల కోర్సు పూర్తిచేసినవారూ పెట్టుకుంటారు. కాబట్టి బోర్డుపై ఉన్న బిరుదును కాక, పట్టాను చూడాలి. ఎం.బి.బి.ఎస్. తరువాత చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధులలో ఎం.డి., డి.ఎన్.బి. లేదా డిప్లొమా చేసినవారే చర్మ వైద్య నిపుణులు. వైద్యుల పేర్లను జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టరులో సరిచూసుకోవచ్చు.

అయితే ప్రతి దద్దురుకూ నిపుణుని వద్దకే పరుగెత్తనవసరం లేదు. దిగ్లీపూర్ నుంచి శ్రీ విజయపురానికి, అంటే 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన నగరానికి, రోడ్డు మార్గాన దాదాపు ఒక పగలంతా పడుతుంది. క్యాంప్‌బెల్ బే వాసులకైతే సాధారణంగా సముద్ర ప్రయాణమే. కూలిపని మానుకొని చేసే ఆ ప్రయాణం చాలా కుటుంబాలకు భారమే. గజ్జి, సాధారణ తామర, సెగగడ్డల వంటివాటికి సమీప ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడు చికిత్స చేయగలరు. అవసరమైతే శ్రీ విజయపురంలోని జి.బి. పంత్ ఆసుపత్రికి పంపుతారు.

కొన్ని లక్షణాల విషయంలో మాత్రం జాప్యం తగదు. స్పర్శ తెలియని, పాలిపోయిన మచ్చ కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ కేంద్రాలలో దీనికి 6 నుంచి 12 నెలల ఔషధ చికిత్స ఉచితం. ఆలస్యమైతే నరాలకు కలిగే నష్టం శాశ్వతం కావచ్చు. ఆకారం లేదా రంగు మారుతున్న పుట్టుమచ్చను, మానని పుండును వెంటనే చూపించాలి. మందు వాడిన తరువాత జ్వరంతో పాటు ఒళ్లంతా దద్దురు, నోటిలో పుండ్లు వస్తే అది అత్యవసర పరిస్థితి.

వైద్యుని కలిసేటప్పుడు అంతవరకు వాడిన లేపనాల గొట్టాలను, ఖాళీవైనా సరే, వెంట తీసుకువెళ్లాలి. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ను ఎలా ఆపాలో వైద్యుడే చెప్పాలి. హఠాత్తుగా మానితే మంట, ఎరుపు తీవ్రమవుతాయి. ఈ-సంజీవని ద్వారా దూరం నుంచే సలహా తీసుకునేవారు మచ్చ ఫొటోలను పగటి వెలుతురులో, ఒకటి దగ్గరగా, మరొకటి శరీరంలో ఎక్కడ ఉన్నదో తెలిసేలా కొంచెం దూరంగా తీయాలి. ఫొటోకు ముందు ఆ చోట ఏ లేపనమూ రాయకూడదు.