భద్రాచలం మన్యంలో హెచ్‌ఐవీ భయం: లెక్కలు ఏమంటున్నాయి?

చర్ల, దుమ్ముగూడెం వైపు మలేరియా జ్వరం చూడని ఇల్లు తక్కువ. అలాంటి చోట హెచ్‌ఐవీ గురించి మాట ఎత్తితే ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటుంది: ‘‘దోమ కుడితే జ్వరం వస్తది కదా, మరి ఆ జబ్బున్నోళ్లను కుట్టిన దోమ మమ్మల్ని కుడితే?’’ నవ్వి కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదిది. దోమలతో బతికేవాళ్లు అడగాల్సిన ప్రశ్నే.

దోమ కుట్టేటప్పుడు మన ఒంట్లోకి వదిలేది తన లాలాజలాన్ని. అంతకుముందు తాగిన రక్తాన్ని మళ్లీ మనలోకి ఎక్కించదు. మలేరియా క్రిమి దోమ కడుపులో రోజుల తరబడి పెరిగి లాలాజల గ్రంథుల దాకా చేరుతుంది కాబట్టి అంటుకుంటుంది. హెచ్‌ఐవీ వైరస్‌కు దోమ ఒంట్లో పెరిగే దారే లేదు. తాగిన రక్తంతో పాటే అరిగిపోతుంది.

మరి ఒకే ముంతలో కల్లు తాగితే? ఒకే కంచంలో తింటే? రాదు. మనిషి ఎంగిలితో, చెమటతో, దగ్గుతో ఈ వైరస్ అంటదు. రక్షణ లేని లైంగిక సంబంధం, వైరస్ ఉన్న రక్తం ఎక్కించడం, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడటం, తల్లి నుంచి బిడ్డకు చేరడం: వచ్చే దారులు ఇవే. ఆ మాటకొస్తే సంతలో పచ్చబొట్టు పొడిపించుకునేటప్పుడు కొత్త సూది అడగడం అసలైన జాగ్రత్త. పక్కింటావిడ ఇచ్చిన మంచినీళ్లు తాగకపోవడం జాగ్రత్త కాదు, అవమానం.

ఇవి అందరికీ తెలిసిన సంగతులే కదా అనిపించవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హెచ్‌ఐవీపై ‘సమగ్ర అవగాహన’ ఎందరికుందో లెక్కించారు. అంటే ఎలా తప్పించుకోవాలో తెలియడం, పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషికీ ఇది ఉండొచ్చని తెలియడం, దోమ, తిండి వంటి అపోహలను కాదనగలగడం. దేశం మొత్తం మీద ఆ మెట్టు దాటింది స్త్రీలలో 21.6 శాతం, పురుషుల్లో 30.7 శాతం. ఐదుగురు ఆడవాళ్లలో ఒకరు, పదిమంది మగవాళ్లలో ముగ్గురు.

జబ్బు ఎందరికుంది? జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనాల ప్రకారం తెలంగాణలో పెద్దవాళ్లలో 0.47 శాతం. దేశ సగటు 0.21 శాతం. పల్లెవెలుగు బస్సు నిండా యాభై మంది పెద్దవాళ్లు ఎక్కారనుకుంటే, అలాంటి నాలుగు బస్సులకు దాదాపు ఒక్కరు. ఇది రాష్ట్ర సగటు మాత్రమే. ఏ ఊరినో, ఏ గూడేన్నో వేలెత్తి చూపడానికి పనికొచ్చే లెక్క కాదు.

భయం ఇంత పాతుకుపోవడంలో ప్రచారానికీ వాటా ఉంది. 2000ల మొదట్లో తెలుగు ఊళ్ల కూడళ్లలో ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న హోర్డింగులు వెలిశాయి. పులిరాజా ఎవరన్న దాని మీదే చర్చంతా. చూపు లాగడంలో అంత గొప్ప ప్రచారం మళ్లీ రాలేదంటాను. కానీ ఈనాటికీ జనానికి గుర్తున్నది ప్రశ్నే, జవాబు కాదు. ఇక గోడల మీద కనిపించే మాట: ఎయిడ్స్‌కు మందు లేదు. ఆ మాటకు కాలం చెల్లి రెండు దశాబ్దాలు దాటింది.

2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. ఏఆర్‌టీ అంటే వైరస్ పెరగకుండా అణచిపెట్టే చికిత్స. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర. జబ్బును పూర్తిగా పోగొట్టదు కాబట్టి జీవితాంతం వేసుకోవాలి. వేసుకుంటే మాత్రం పని, పెళ్లి, పిల్లలు అన్నీ మామూలే.

‘పెళ్లా? ఎదుటి మనిషికి అంటుకోదా?’ యూరప్‌లో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి రెండోవారికి లేని 888 జంటలను గమనించి 2016లో ఫలితాలు ప్రకటించారు. మందు వాడేవారి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే లెక్క, మిల్లీలీటరుకు 200 కాపీల లోపు ఉంది. కండోమ్ లేకుండా సుమారు 58,000 సార్లు కలిసినా భాగస్వామి నుంచి సోకింది సున్నా. రోజుకోసారి చొప్పున చూస్తే 158 ఏళ్లకు పైగా సాగే లెక్క. బిడ్డల సంగతీ అంతే. చికిత్స లేకపోతే నూరుమందిలో 15 నుంచి 45 మంది పిల్లలకు తల్లి నుంచి సోకే వీలుంది. సరైన చికిత్సతో అది ఐదుగురి లోపుకు దిగుతుంది.

మందు ఉచితమైనా దాన్ని అందనివ్వనిది నలుగురి చూపు. తెలిసినవాళ్ల కంట పడతామన్న భయంతో దగ్గరి ఆస్పత్రి వదిలి దూరం పోవడం ఈ జబ్బులో ఎక్కడైనా ఉన్నదే. ఉదాహరణకు, భద్రాచలం నుంచి ఖమ్మం సుమారు 120 కిలోమీటర్లు. నెలకోసారి వెళ్లొస్తే ఏడాదికి 2,880 కిలోమీటర్లు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, నిజమే. కానీ ఏడాదికి పన్నెండు కూలి రోజులు పోతాయి. మిర్చి కోతల కాలంలో ఒక రోజు కూలి వదులుకోవడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ప్రయాణం మానితే మాత్రలు తప్పుతాయి. తప్పుతూ పోతే వైరస్ ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది.

చట్టం ఏమైనా ఉందా? ఉంది. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగంలో, బడిలో, ఆస్పత్రిలో, అద్దె ఇంట్లో వివక్ష చూపకూడదు. నమ్మి చెప్పిన విషయాన్ని ఆ మనిషి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదు.

అనుమానం ఉంటే ప్రభుత్వ ఆస్పత్రిలోని ఐసీటీసీకి, అంటే సలహా చెప్పి పరీక్ష చేసే కేంద్రానికి వెళ్లండి. డబ్బులు అడగరు. అంతకన్నా ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097కు ఫోన్ చేయండి. ఉచితం, పేరు చెప్పనక్కర్లేదు.