దుక్కి లోతు చూసే స్ప్రింగు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా కుందూ లోయలో నేల ఒకే తీరుగా ఉండదు. నల్లరేగడి తడిస్తే జిగురుగా పట్టుకుంటుంది, ఎండితే గడ్డలు కట్టి నెర్రెలిస్తుంది. నల్లమల వైపు జరిగేకొద్దీ ఎర్రనేల, గరుసు ఎదురవుతాయి. ఇలాంటి చేలల్లో ఎద్దుల మడక దున్నే రైతు మేడి మీద చెయ్యి ఒకచోట అదిమి, ఒకచోట సడలించి లోతు సరిచూసుకునేవాడు. ఆ చేతి పనినే ఇనుముతో చేయించే ఏర్పాటు పాత మాసీ ఫెర్గుసన్ ట్రాక్టర్ల వెనక భాగంలో ఉంది.

అలాంటి పాత బండి మరమ్మతుకు షెడ్డుకు వచ్చిందంటే చూపంతా ఇంజను మీదే. లైనర్లు, పిస్టన్ రింగులు మార్చడం, నాజిళ్లు పరీక్షించడం, డీజిల్ లైన్లో గాలి తీయడం... అన్నీ కావలసినవే. కానీ మాసీ ఫెర్గుసన్ 1035 లాంటి బండి గొప్పదనం సీటు వెనక, టాప్ లింకు తగిలించే చోట ఉంది. దాన్ని పట్టించుకోకుండా రంగు కొట్టించిన బండి రోడ్డు మీద బాగానే పోతుంది, దుక్కిలో మొండికేస్తుంది.

నాగలిని మూడు లింకులు పట్టుకుంటాయి. కింది రెండూ లాగుతాయి. మొన భూమిలో దిగగానే మట్టి దాన్ని వెనక్కి లాగుతుంది. దాంతో నాగలి పైభాగం ట్రాక్టరు వైపు ఒరగబోతుంది. అలా ఒరగనివ్వకుండా అడ్డుకునేది పై లింకు, అంటే టాప్ లింకు. కాబట్టి ఆ తోపుడంతా దాని మీద పడి, ట్రాక్టరు వెనక బిగించిన బలమైన స్ప్రింగును నొక్కుతుంది. మట్టి ఎంత గట్టిదైతే స్ప్రింగు అంత అణుగుతుంది. అణిగిన ఆ కాస్త దూరమే లివర్ల గుండా హైడ్రాలిక్ వాల్వును కదుపుతుంది. పంపు నూనెను సిలిండర్లోకి నెడుతుంది, నాగలి కొద్దిగా లేస్తుంది. లాగుడు తగ్గగానే స్ప్రింగు సాగి వాల్వు మూసుకుంటుంది. మెత్తటి నేల తగిలితే ఇదే వరస తిరగబడి నాగలి దిగుతుంది. అంటే డ్రాఫ్ట్ లివరుతో డ్రైవరు ముందుగా నిర్ణయించేది లోతును కాదు, ఎంత బలంతో లాగాలన్నదాన్ని.

నాగలి బరువు, దాని మీది మట్టి ఒత్తిడి వెనక చక్రాల మీదికి వస్తాయి కాబట్టి తేలికపాటి ట్రాక్టరుకు కూడా పట్టు దొరుకుతుంది. అంతకుముందు ట్రాక్టర్లు నాగలిని వెనక ఈడ్చుకుపోయేవి. మొన బండరాయికి తగులుకుంటే ముందు చక్రాలు పైకి లేచి, బండి వెనక్కి తిరగబడి డ్రైవర్ల ప్రాణాలు తీసేది. ఫెర్గుసన్ పద్ధతిలో పై లింకు తోపుడు ముందు చక్రాలను నేలకు అదిమి ఉంచుతుంది. మరీ గట్టి దెబ్బ తగిలితే వాల్వు నూనెను వదిలేస్తుంది. వెనక చక్రాల మీద బరువు తగ్గి అవి ఉన్నచోటే తిరుగుతాయి, బండి ఆగిపోతుంది.

ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గుసన్ 1938లో అమెరికాలో హెన్రీ ఫోర్డ్‌కు ఈ పద్ధతిని చేసి చూపించాడు. కాగితం మీద ఒప్పందం లేదు, చేతులు కలుపుకున్నారంతే. మరుసటి ఏడాదే ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరు వచ్చింది. ఫోర్డ్ మనవడు పగ్గాలు చేపట్టాక 1947లో ఆ పొత్తు తెగిపోయింది. అయినా అదే పద్ధతితో ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్లు తయారవుతుండడంతో ఫెర్గుసన్ 25.1 కోట్ల డాలర్లకు దావా వేశాడు. 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. నూనె పంపులోకి వచ్చే దారిలోనే వాల్వు పెట్టడం ఫెర్గుసన్ ప్రత్యేకత. ఆ అమరికను మానుకోవడానికి ఫోర్డ్ కంపెనీ ఒప్పుకుంది.

ఆ తర్వాత 1953లో ఫెర్గుసన్ కంపెనీ మాసీ హారిస్‌తో కలిసింది. 1960లో మద్రాసులో ట్రాక్టర్ల కంపెనీ టాఫే మొదలైంది. దాని మాసీ ఫెర్గుసన్ బండ్లు రాయలసీమ చేలల్లోకీ వచ్చాయి. ఇప్పటి పెద్ద ట్రాక్టర్లలో స్ప్రింగు చేసే పనిని సెన్సర్లు చేస్తున్నాయి.

పాత బండిలో హైడ్రాలిక్ పంపు గేర్ల నూనెలోనే మునిగి ఉంటుంది. కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద వరి మడుల్లో దమ్ము చేసిన బండి అయితే ముందు ఆ నూనె చూడాలి. తెల్లబడి చిక్కగా ఉంటే నీళ్లు చేరినట్టే. దాన్ని పూర్తిగా తీసి, లోపల శుభ్రం చేసి, కొత్త నూనె పోయాలి. లిఫ్ట్ అసలు లేవకపోతే పంపు విప్పే ముందు పీటీఓ (పనిముట్లను తిప్పే షాఫ్టు) లివరు వేసి ఉందో లేదో చూడాలి, పంపును తిప్పేది ఆ షాఫ్టే. ఇంజను ఆపగానే లిఫ్ట్ దిగిపోతుంటే సిలిండరు పిస్టన్ రింగులో, సీలో అరిగి ఉండొచ్చు. చివరిగా, టాప్ లింకు తగిలించే యోక్‌ను పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాలి. స్ప్రింగులో ఏమాత్రం వదులు ఉండకూడదు, అలాగని బిగుసుకుపోనూ కూడదు. యోక్ వేళ్లతో తిప్పితే తిరగాలి. అంత సరిగ్గా బిగించాకే బండిని దుక్కికి తీసుకెళ్లాలి.